ఎనిమిదో సొరుగు

లారీ దిగిన బల్ల పాత పోస్టాఫీసు సందులో పట్టలేదు.
పక్కకి వాల్చి, కాళ్లు ముందు పెట్టి,
చూలు గేదెని తోలినట్టు
మెల్లగా లోపలికి తెచ్చాం.
"అసలు సిసలు ఇంగ్లీషు సామాను, చెయ్యి జాగ్రత్త"
అన్నాడు వేలంపాటల మనిషి.
ఆ పూట హార్బరు గాలికి ఇనపరజను కొడుతోంది.
బల్ల మీద కంటే ముందు
అతని తెల్లచొక్కా మీద వాలింది.

ఏడు సొరుగులున్నాయి.
ఎనిమిదోది ఉండాల్సిన చోట ఊడిన పన్ను కన్నం.
ఇరుగుడు చేవ. అంచుల్లో దంతపు తీగ,
తీగ మీద సన్నటి గీతలు, గీతల్లో నల్ల లక్క.
పువ్వులు మాత్రం మన పక్క పూసేవి కావు.
ఏ దొరో కాగితం మీద చూపిస్తే
వాసన తెలీకుండా చెక్కినవి.

పోలాచారి మాట్లాడలేదు.
సొరుగు లాగి, బోర్లించి,
బొటనవేలికి ఉమ్మి తడి చేసి అడుగున రుద్దాడు.
మేకుతో గీసిన అంకె తేలింది.
౧.
ఇంకోటి లాగాడు. ౨.
"ఇంగ్లీషుదట! ఒరే గుంటడా,
ఇంగ్లీషువోడు ఇలాగ రాస్తాడేటి?"

అప్పుడు వేలు పెట్టి చూశాను నేను కూడా.
ఎవరి గూట్లోకి ఏ సొరుగో
మర్చిపోకుండా గీసుకున్న గుర్తు.
సంతకం కాదు. సంతకం చెయ్యమని
అతన్ని ఎవరూ అడిగి ఉండరు.

ఏ ఏడాదో నాకు తెలీదు.
పంజం బట్టల మూటలు పడవెక్కే కాలం అయ్యుంటుంది,
నేతగాడి పేరుకెదురుగా బాకీ రాసే కాలం.
పద్మనాభం దగ్గర మా అమ్మమ్మ వాళ్లూరు.
అక్కడ రాజు పడిపోయిన సంగతి
నిన్న జరిగినట్టే చెప్పేది.
ఆ రోజు ఈ మనిషి ఉలి ఆపాడా?
ఆపితే కూలి ఎంత కోశారు?
పేష్కషు లెక్కలు ఈ బల్ల మీద తేలాయో
దొరసాని ఉత్తరాలు రాసుకుందో
ఆకుపచ్చ గుడ్డ ఏమీ చెప్పదు.
మోచెయ్యి ఆనిన చోట అరిగింది, అంతే.
ఆ మోచెయ్యి చేసినవాడిది కాదు.
వాడు నేల మీద గొంతుక్కూర్చుని
కాలిబొటనవేలితో చెక్క అదిమి పట్టి
కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం
ఎత్తు కొలిచాడు.

పదకొండు రోజులు పట్టింది నాకు.
ఉప్పు కాగితం, చపడా లక్క, స్పిరిట్.
రాలిన దంతం చోట గేదె ఎముక.
దంతం ఇప్పుడు జైలు పని.
ఎముక తెలుపు కొంచెం తక్కువ,
టీ డికాక్షన్‌లో ముంచితే ఇద్దరూ ఒక వయసు వాళ్లయ్యారు.

ఎనిమిదో సొరుగు నేనే చేశాను.
కుసులు కలిశాయి. బోర్లించాను.
మేకు పట్టుకున్నాను.
చెయ్యి ఆగిపోయింది.

ఎనిమిది ఎలా రాస్తారు?

ఇంటరు దాకా చదివాను.
ఫోను నంబర్లు, బస్సు నంబర్లు,
గ్యాసు బండ నంబరు నోటికొచ్చు.
మా అంకె నాకు రాలేదు.
రెండొందల ఏళ్లుగా
దొర బల్ల అడుగున అది చీకట్లో భద్రంగా ఉంది.
నా దగ్గరే పోయింది.

పోలాచారి కూడా తల గోక్కున్నాడు.
తాత కొలబద్ద మీద చూసిన జ్ఞాపకం, అన్నాడు.
సగం పుల్లే మిగిలిన ఆ కొలబద్ద
అటక మీంచి దించేసరికి దీపాల వేళయింది.
ఉంది. కప్పుకి చెవి అతికించినట్టు.

మొదటిసారి వంకర పోయింది.
చెరపలేదు. ఆ పక్కనే మళ్లీ గీశాను.
వేలంపాటల మనిషి వచ్చి
అద్దంలా ఉందన్నాడు, దువ్వెన తీసి
పైచెక్కలో చూసుకుంటూ తల దువ్వుకున్నాడు.
కింద ఏముందో అతను అడగలేదు.
నేను సొరుగు లోపలికి తోశాను.
బిగువుగా, గాలిని వెనక్కి నెడుతూ
వెళ్లింది.
ఆ గాలికి పక్క సొరుగు, ఏడోది,
వేలెడంత బయటికొచ్చింది.